బలం సూది – మనిషికీ, గొడ్డుకీ

పత్తి తీతలు మొదలైతే చాలు, మా ఊళ్లో పొద్దుగూకాక ఆర్‌ఎంపి గారి అరుగు మీద జాగా దొరకదు. వారమంతా వంగిన నడుం ఎత్తకుండా పనిచేసిన ఆడకూలీలు, కూలి డబ్బులు చేతికి రాగానే అక్కడికి చేరతారు. జబ్బేమిటమ్మా అంటే చెప్పలేరు. 'ఒళ్లంతా నీరసంగా ఉంది, ఓ బలం సూది వెయ్యండి' అంటారు. నాలుగు డబ్బులు ఎక్కువున్న వాళ్లు సీసా ఎక్కించమంటారు. గోడ మేకుకు వేలాడే గ్లూకోజు సీసాలో చిన్న ఇంజక్షన్ కలపగానే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు చూస్తేనే సగం నీరసం పోతుంది.

తెల్లవారితే గొడ్ల చావిట్లోనూ ఇదే మాట. 'గేదె సరిగ్గా మేయడం లేదు, పాలు తగ్గాయి, ఓ బలం సూది పడేయండి డాక్టరుగారూ.' ముప్పై రెండేళ్లు పశువైద్యుడిగా పనిచేసి ఇంటికొచ్చినవాణ్ణి. ఈ మాట విన్నన్నిసార్లు మరో మాట వినలేదు. మనిషికైనా గొడ్డుకైనా ఆ సూదిలో ఉండేది చాలావరకు ఒకటే: బి విటమిన్లు. అవి చెడ్డ మందులని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. వేయాల్సినచోట వేస్తే ప్రాణం నిలబెట్టే మందులవి. వేయకూడని చోట వేస్తే మాత్రం అసలు జబ్బును కప్పిపెడతాయి. రెండూ నా కళ్లతో చూశాను. ఒకటి ఊళ్లో, ఒకటి మా ఇంట్లోనే.

ఊళ్లోది ముందు చెబుతాను. బ్యాంకు అప్పుతో సంకరజాతి ఆవును కొన్న ఓ చిన్న రైతు, అది రెండో ఈత ఈనిన మూడు వారాలకు మేత మానేసిందని పక్కూరి నుంచి ఒకాయన్ను పిలిపించుకున్నాడు. ఆయన వచ్చి బి కాంప్లెక్సు, లివర్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి వేశాడు. మర్నాడు మళ్లీ వేశాడు. అలా ఆరు రోజులు. ఏడో రోజు నన్ను పిలిచేసరికి ఆవు నిలబడలేకపోతోంది. కింది రెప్ప వంచి చూస్తే తెల్లగా సున్నం గోడలా ఉంది. భుజం ముందున్న గ్రంథులు నిమ్మకాయంత వాచి ఉన్నాయి. పొదుగు పక్కన, చెవుల లోపల పిడుదులు. చెవి చివర నుంచి చుక్క రక్తం తీసి గాజుపలక మీద పూసి చూస్తే థైలేరియా. పిడుదుల వల్ల వచ్చే ఈ జబ్బుకు సరైన మందు ఉంది. మొదటి రెండు మూడు రోజుల్లో పడితే చాలా పశువులు లేచి తిరుగుతాయి. ఏడో రోజు వేసిన మందు పనిచేయలేదు. ఆవు పోయింది, అప్పు మిగిలింది.

ఆ రైతు నన్నడిగిన మాట ఇప్పటికీ మర్చిపోలేను. 'బలానికి ఆరు సూదులు వేయించాను గదండీ, ఎందుకు పోయింది?'

పక్కూరాయన్ను తిట్టి చేతులు దులుపుకోవడం సులువే. కానీ నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ పని చేసినవాణ్ణే. సూది వేయకుండా 'ఏమీ లేదు, రెండు రోజులు చూడండి' అని వెళ్లిపోతే, 'ఈ డాక్టరుకేం తెలియదు' అనేవారు. పసుపురంగు మందు ఐదు మిల్లీలీటర్లు మెడలో వేస్తే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేవారు. ఈ అలవాటు మేమూ మీరూ కలిసి పెంచుకున్నదే.

సూదిలో ఏముంది?

బి విటమిన్ అంటే ఒకటి కాదు, ఎనిమిది. అందులో ఇంజక్షన్‌గా ఎక్కువగా వాడేవి బి1, బి6, బి12. సీసాకు పసుపు రంగు తెచ్చేది బి2. ఆ రంగు బలానికి గుర్తు కాదు, బి2 స్వభావమే అంత. సూది పడిన కొన్ని గంటలకు మూత్రం పచ్చగా రావడం మీరు గమనించే ఉంటారు. ఒంటికి అక్కర్లేనిది అలా బయటికి పోతోందన్నమాట. బి12 ఒక్కటే లివరులో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. మిగిలినవి గాదెలో దాచినట్లు దాచుకునేవి కావు, లోటు లేనివాడికి ఎంత వేసినా అదనపు బలమేమీ రాదు.

మరి సూది వేయించుకున్నాక ఓపిక వచ్చినట్లు ఉంటుంది గదా అంటారు. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి అర లీటరు నీళ్లు, కాస్త గ్లూకోజు ఒంట్లోకి పోయి, గంటసేపు మంచం మీద పడుకుంటే ఓపిక రాకేం చేస్తుంది? ఉప్పు, నిమ్మకాయ పిండిన మజ్జిగ రెండు గ్లాసులు తాగి పడుకున్నా వస్తుంది. కొన్నిచోట్ల ఇంకో సంగతీ ఉంది. పేరుకు బలం సూదే గానీ, అందులో నొప్పి మందో, స్టెరాయిడో కలిపి వేస్తారు. స్టెరాయిడు పడితే జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, హుషారొస్తుంది. లోపల జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. షుగరున్న మనిషికి షుగరు పైకి లేస్తుంది. నిండు చూడి ఆవుకు డెక్సామెథాసోన్ పడితే ఈసుకుపోయే ప్రమాదముంది. 'బలానికే వేశాం' అన్నమాటతో సరిపెట్టుకోకుండా ఖాళీ సీసాలు చూపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది, డబ్బిచ్చేది మీరే.

ఈ విటమిన్ల కథలో మన ప్రాంతానికి పాత సంబంధమే ఉంది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగి మనుషులు చనిపోయే బెరిబెరి జబ్బు ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలను పట్టి పీడించింది. 1835లో మద్రాసులో జాన్ మాల్కంసన్ అనే డాక్టరు దీని మీద ఒక పుస్తకమే రాశారు. కారణం మాత్రం అప్పటికి తెలియదు. 1890లలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, ఆ బియ్యపు తవుడు పెడితే తేరుకోవడం చూశారు. తవుడుతో పోతున్నది బి1. వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోకి ఇంకి నిలబడుతుంది. మనం తెల్లన్నం తిని తవుడు గేదెకు పెడతాం. ఆ లెక్కన ఇంట్లో మంచి తిండి దానిదే.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విన్నారు గదా. అమెరికాలో లివరు సారం మీద ఏళ్ల తరబడి పనిచేసినవారు. ఆయన ఆధ్వర్యంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపింది. అదీ బి కుటుంబంలోదే. ఈనాటికీ చూడాలుకు ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే. పర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనతకు లివరు తినిపిస్తే తగ్గుతుందని 1926లో తేలింది, ఆ లివరులోని అసలు పదార్థం బి12 అని 1948లో బయటపడింది. మన పశువుల మందుల పెట్టెలో లివర్ ఎక్స్‌ట్రాక్ట్ సీసా వెనకున్న చరిత్ర ఇది. ఒక ప్రత్యేకమైన జబ్బు కోసం పుట్టిన మందు, మన దగ్గరికి వచ్చేసరికి అన్ని జబ్బులకూ మందై కూర్చుంది.

నిజంగా కావలసిందెవరికి?

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా ఇంటావిడకు పదకొండేళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతోంది. మాంసం, గుడ్డు ముట్టదు. మూడేళ్ల కిందట అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. ఊళ్లోనే బి1, బి6, బి12 కలిపిన సూదులు పది వేయించాం. తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చాయి. మళ్లీ ఐదు. ఒకరోజు వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చిన మనిషి ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడో జారిపోయింది, ఆవిడకు తెలియలేదు. అప్పుడు గానీ నాకు భయం పుట్టలేదు. గొడ్డు కాలు ఈడిస్తే గంటలో పరీక్ష చేసే నేను, ఇంట్లో మనిషిని ఏడాదిన్నర సూదులతో నెట్టుకొచ్చాను.

పట్నంలో చూపించిన డాక్టరు మొదట అడిగిన ప్రశ్న: 'సూది చివరిసారి ఎప్పుడు వేయించారు?' వారం అయిందన్నాను. 'అయితే రక్తంలో బి12 ఎంతుందో ఇప్పుడు చూసి లాభం లేదు, సూదిలోదే ఎక్కువగా కనబడుతుంది' అన్నారు. ముందు రక్తం ఇచ్చి, తర్వాత సూది వేయించుకోవాలన్న చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. పాత రిపోర్టుల్లో ఎర్రకణాలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా ఉన్నాయని ఆయనే పట్టుకున్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. దానికి తోడు బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాల ద్వారానే రావాలి. శాకాహారికి ఉన్న ఒక్క దారి పాలు.

'పాలు తాగుతారా అమ్మా?' అన్నారాయన. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. కానీ ఆవిడ పూటా చెంబెడు పాలు కూడా మిగల్చకుండా కేంద్రానికి పోసి, తను పలచని మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. వెన్న శాతం, లీటర్ల లెక్క రాసిన పుస్తకం నాకు తెలుసు గానీ, ఆవిడ గ్లాసులో ఏముందో నాకు తెలియదు.

ఈ మాట పాడి రైతులందరికీ చెబుతున్నాను. మనిషికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. పావు లీటరు పాలల్లో సుమారు ఒక మైక్రోగ్రాము దొరుకుతుంది. అంటే పూటకో గ్లాసు పాలో, గట్టి పెరుగో ఉంటే చాలావరకు గడిచిపోతుంది. ఉన్న పాలన్నీ అమ్మి, ఆ డబ్బులతో అదే విటమిన్ సూదిలో కొనుక్కునే ఇళ్లు మన మధ్య చాలా ఉన్నాయి.

అయితే లోటు పడ్డాక పాలతో పూడదు. అప్పుడు సూదే సరైన వైద్యం. మా ఆవిడకు వెయ్యి మైక్రోగ్రాముల బి12 మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి అని రాశారు. మూడు నెలలకు మంటలు తగ్గాయి. బొటనవేళ్ల మొద్దుబారుడు మాత్రం అలాగే ఉంది. కొంత షుగరు వల్ల, కొంత ఆలస్యం వల్ల అన్నారు. బి12 లోటు చాలాకాలం సాగితే నరాలకు తగిలిన దెబ్బ పూర్తిగా తిరిగిరాదట.

కడుపు ఆపరేషన్ అయినవారు, గ్యాసు మాత్రలు ఏళ్ల తరబడి మింగేవారు, పూర్తి శాకాహారులు, నాలుక ఎర్రబడి మండేవారు, మతిమరుపు మొదలైన ముసలివారు, వీరంతా డాక్టరుతో బి12 గురించి ఓ మాట అడగడం మంచిది. అందరికీ సూదే అక్కర్లేదు కూడా. వెయ్యి మైక్రోగ్రాముల మాత్ర మింగితే అందులో నూటికి ఒక వంతైనా పేగు దానంతటదే పీల్చుకుంటుంది, చాలామందికి అది సరిపోతుంది. ఏది వేయాలో తేల్చాల్సింది డాక్టరు. రక్తం తక్కువుందని ఒక్క ఫోలిక్ ఆమ్లం మాత్రలే మింగుతూ పోతే ఇంకో చిక్కు: రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, బి12 లోటు వల్ల నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

బి1 సూది ప్రాణం నిలబెట్టే సందర్భమూ ఉంది. ఏళ్ల తరబడి తాగి, తిండి మానేసిన మనిషి మాట తడబడి, చూపు అటూ ఇటూ ఊగి, నడక తూలుతుంటే 'దిగలేదులే' అని వదిలేస్తారు. అది బి1 లోటుతో మెదడుకు వచ్చే జబ్బు కావచ్చు. అలాంటివాడికి బి1 వేయకుండా ఊరికే గ్లూకోజు ఎక్కిస్తే జబ్బు ముదురుతుంది. ఇది పెద్దాసుపత్రిలో జరగాల్సిన వైద్యం, అరుగు మీద జరిగేది కాదు.

ఇక ప్రమాదాల సంగతి. విటమినే గదా, ఏమవుతుందిలే అనుకుంటాం. బి1 సూది, ముఖ్యంగా నరంలోకి వేగంగా వేసినప్పుడు, చాలా అరుదుగానే అయినా, ఒంటికి సరిపడక బీపీ పడిపోయి ఊపిరాడని స్థితి వస్తుంది. ఆ క్షణంలో పక్కన ఎడ్రినలిన్ ఉండాలి, వేయడం తెలిసిన మనిషి ఉండాలి. బి6 మోతాదు మించి నెలల తరబడి పోతే, ఏ తిమ్మిరి పోవాలని వాడామో ఆ తిమ్మిరే తెచ్చిపెడుతుంది. పిర్రలో తప్పు చోట గుచ్చితే కాలి నరం దెబ్బతిని జీవితాంతం కాలు ఈడ్చాల్సి వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మందులో లేదు, సూదిలో ఉంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటంతో హెపటైటిస్ బి పాకి డజన్ల కొద్దీ జనం చనిపోయారు. ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మావులో ఎంతోమందికి హెచ్‌ఐవి సోకిందని 2018లో బయటపడింది. ఒకే సూదితో అందరికీ ఇంజక్షన్లు వేసిన ఓ నాటువైద్యుడి మీద వేలు చూపారు. అక్కడికి వెళ్లినవాళ్లు పెద్ద జబ్బులతో వెళ్లినవాళ్లు కారు. జలుబు, జ్వరం, నీరసం. కొత్త సిరంజి కవరు మీ కళ్ల ముందు చింపకపోతే లేచి వచ్చేయండి. మొహమాటపడొద్దు.

గొడ్డు సంగతి వేరు

నెమరు వేసే పశువుకు పెద్దపొట్టే ఒక విటమిన్ల కర్మాగారం. అందులోని సూక్ష్మజీవులు పచ్చిగడ్డి, చొప్ప తింటూ బి విటమిన్లన్నీ తయారుచేస్తాయి. బి12కు మాత్రం వాటికి కోబాల్టు అనే ఖనిజం కావాలి. ఆస్ట్రేలియాలో కొన్ని నేలల్లో పచ్చగడ్డి మోకాలెత్తున ఉన్నా గొర్రెలు ఎండి చచ్చిపోయేవి. మట్టిలో కోబాల్టు లేకపోవడమే కారణమని 1935 ప్రాంతంలో తేలింది. మనం తాగే పాలలోని బి12 అలా మట్టి నుంచి గడ్డికి, గడ్డి నుంచి పొట్టలోని జీవులకు, అక్కడి నుంచి పొదుగుకు వస్తుంది. కాబట్టి మేస్తున్న, నెమరు వేస్తున్న గేదెకు బలం సూది దండగ. దాని బదులు రోజూ దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపండి. సూదితో పాలు పెరిగాయని ఎవరైనా అంటే, ఆ వారంలో మేత ఏం మార్చారో అడగండి.

మరి ఎప్పుడు కావాలి? పెద్దపొట్ట పాడైనప్పుడు. మన ఊళ్లలో పెళ్లి సీజన్లో ఇది ఏటా చూసేదే. మిగిలిన అన్నం, పులిహోర గంపలకొద్దీ గేదె ముందు పోస్తారు, పారేయడం పాపమని. ఆ రాత్రికి పొట్ట పులిసి, కడుపు ఉబ్బి, గేదె కూలబడుతుంది. సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, బి1 తయారీ ఆగుతుంది. అప్పుడు సోడా ఉప్పు, సెలైన్‌తో పాటు బి1 వేయడం సరైన వైద్యం. గొర్రెలు, మేకల్లో తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తూ, కళ్లు కనబడక గోడలకు కొట్టుకునే జబ్బు ఉంది. అది కూడా బి1 లోటే. గంటల్లో పెద్ద మోతాదు పడాలి, శరీర బరువు కిలోకు పది మిల్లీగ్రాములు, అదీ రోజులో పలుమార్లు. ఏదో బి కాంప్లెక్సు రెండు మిల్లీలీటర్లు వేస్తే చాలదు. ఆంప్రోలియం వాడే కోళ్ల రైతులకు ఒక మాట: ఆ మందు పనిచేసేదే బి1ను అడ్డుకుని. మందు నడుస్తుండగా నీళ్లలో బి1 కలిపితే మందు వృథా. కోర్సు అయ్యాక కలపండి.

మంద మొత్తానికి ఒకే సూదితో పొడుచుకుంటూ పోవడం మానాలి. అనాప్లాస్మా లాంటి రక్తపు జబ్బులు ఆ సూది మొన మీదే ఒకదాని నుంచి ఒకదానికి పోతాయి. సగం వాడిన సీసాను ఎండ తగిలే కిటికీలో పెట్టి నెలల తరబడి వాడేవాళ్లున్నారు. వెలుతురుకు ఈ విటమిన్లు పాడవుతాయనే గదా గోధుమరంగు సీసాలో ఇచ్చేది. పశువుల కోసం తెచ్చిన సీసాలోంచే ఇంట్లో మనిషికి వేసిన ఘనుల్నీ చూశాను. మోతాదు వేరు, అందులో కలిపే ఇతర పదార్థాలు వేరు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

పాలకులకు ఒక విన్నపం. ఈ సీసాల మీద రాతంతా ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. పేరు, మోతాదు, ఎవరికి వేయకూడదో తెలుగులో ఎందుకు రాయకూడదు? ఇంకోటి, పశువైద్యశాల ఉన్న ప్రతిచోటా పనిచేసే మైక్రోస్కోపు, డజను గాజుపలకలు, పూత చూడటం వచ్చిన మనిషి ఉండాలి. చాలాచోట్ల మైక్రోస్కోపు బీరువాలో తాళం కింద ఉంటుంది. జ్వరంతో ఉన్న ఆవుకు ఏం వేయాలో చెప్పేది ఆ గాజుపలకే. దాని ఖరీదు ఒక్క బలం సూది అంత కూడా ఉండదు. ఈసారి గేదె మేత మానేస్తే ముందు ఉష్ణోగ్రత చూడమనండి, కింది రెప్ప వంచి చూడండి, పిడుదులున్నాయేమో తడమండి, రక్తపు పూత తీయమని పట్టుబట్టండి. తీసే దిక్కు లేదంటే, ఆ సంగతి రాసి ఈ పేజీకి పంపండి.